ముందు బరువు, తర్వాతే ఒంపు: చార్‌కోల్‌తో స్త్రీ న్యూడ్ గీయడం ఎలా

న్యూడ్, అంటే బట్టల్లేని మనిషి బొమ్మ, గీయడం నేర్చుకుంటామని వచ్చేవాళ్ళు మొదటి రోజు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. మనిషి చుట్టూ ఒక గీత గీస్తారు. భుజం దగ్గర మొదలై, నడుం దగ్గర సన్నబడి, తుంటి దగ్గర వెడల్పై, పాదాల దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయి ఎక్కడో కలిసిపోతుంది. చూడ్డానికి నాజూగ్గానే ఉంటుంది గానీ ఆ మనిషి నిలబడి ఉండదు, గాల్లో వేలాడుతుంటుంది.

విశాఖ పెద్ద వాల్తేరులో మా మేడ మీద గదిలో ఆదివారాలు నలుగురైదుగురం కూర్చుని గీసుకుంటాం. అక్కడ నేను విసుగు లేకుండా చెప్పే మాట ఒక్కటే. ఒంపు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఒంటి బరువు ఎక్కడ ఆనిందో చూడండి. చార్‌కోల్ అంటే బొమ్మలు గీసే బొగ్గు, బరువు చూపించడానికే పుట్టిన సామాను. ఒంపులు గీయడానికైతే పెన్సిలు చాలు.

మోడల్ దొరికేలోగా

మన దగ్గర మోడల్, అంటే మనం గీయడానికి పోజిచ్చే మనిషి, అంత తొందరగా దొరకదు. దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఒక నెల రోజులు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి. చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్ళు, వేలం పాట దగ్గర ఒక కాలి మీద బరువేసి ఎదురుచూసేవాళ్ళు, వల బాగుచేస్తూ కింద చతికిలబడ్డవాళ్ళు కనిపిస్తారు. చిన్న పుస్తకంలో ఒక్కో బొమ్మకి ముప్పై సెకన్లు ఇవ్వండి. ముఖాలు వద్దు, చీర మడతలు వద్దు. గంప బరువు మెడలోంచి వెన్నులోకి, వెన్నులోంచి ఏ మడమలోకి దిగుతోందో ఆ ఒక్క దారీ గీయండి. ఎవరైనా “ఏటి గీస్తన్నావు?” అని అడిగితే పుస్తకం వాళ్ళవైపు తిప్పి చూపించండి. దాచారా, ఇక అక్కడ మీకు చోటుండదు.

మనిషి ఒక కాలి మీద బరువేస్తే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, ఆ వైపు భుజం కిందకి దిగుతుంది, వెన్ను వాటి మధ్య వంకర తిరుగుతుంది. మన శిల్పులు త్రిభంగం అన్నది దీన్నే. సింహాచలం గుడి గోడల మీద చూడండి, శ్రీకాకుళం వైపు వెళ్తే ముఖలింగంలో చూడండి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి సున్నపురాతి పలకలుంటాయి, అటు వెళ్ళినప్పుడు ఒక పూట వాటికి కేటాయించండి. ఒంటి మీద బట్ట ఉందా లేదా అని తేల్చుకోలేనంత పల్చగా చెక్కిన ఆడవాళ్ళు, పాదం మాత్రం నేలకి గట్టిగా తన్నిపెట్టి ఉంటారు. మనకి న్యూడ్ కొత్త కాదు, దాన్ని చూసి సిగ్గుపడడమే కొత్త.

మీరు ఆడవాళ్ళైతే ఇంకో మంచి దారి ఉంది. తలుపు గడియ పెట్టుకుని నిలువుటద్దం ముందు మిమ్మల్ని మీరే గీసుకోండి. నా మొదటి పాతిక న్యూడ్‌లూ నావే. ఏ కాలికి ఎంత బరువు పడుతోందో అద్దంలో చూడక్కర్లేదు, కాలే చెబుతుంది.

నెట్‌లో దొరికే ఫొటోలు చూసి మాత్రం నేర్చుకోకండి. కెమెరా బరువుని చదును చేసేస్తుంది, దగ్గరున్న మోకాలిని గుమ్మడికాయంత చేస్తుంది. పైగా ఆ ఫొటోలో మనిషి అది మీ దాకా రావడానికి ఒప్పుకుందో లేదో మీకు తెలీదు.

సామాను

పెద్ద ఖర్చేం కాదు. విల్లో చార్‌కోల్ పుల్లలు సన్నవీ లావువీ కలిపి ఒక పెట్టె, కంప్రెస్డ్ చార్‌కోల్ రెండు ముక్కలు, నీడెడ్ ఇరేజర్ (పిండిలా పిసకగలిగే రబ్బరు) ఒకటి, పాత కాటన్ బనీను ముక్క, బోర్డు, క్లిప్పులు. ఊళ్ళో పెద్ద స్టేషనరీ షాపుల్లో చాలావరకు దొరుకుతాయి, దొరకనివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

విల్లోకీ కంప్రెస్డ్‌కీ తేడా తెలియాలి. విల్లో అంటే వట్టి కాల్చిన పుల్ల. అందులో జిగురు ఉండదు కాబట్టి గుడ్డతో ఒక్కసారి విదిలిస్తే సగం పోతుంది. తప్పులు చేయడానికి ఇంతకన్నా మంచి వస్తువు లేదు. కంప్రెస్డ్ అంటే బొగ్గుపొడిని జిగురుతో కలిపి నొక్కినది. చిక్కటి నలుపు వస్తుంది గానీ ఒకసారి పడితే పూర్తిగా పోదు. అందుకే మొదటి ముప్పావు వంతు పని విల్లోతో చేసి, చిట్టచివర రెండు మూడు చోట్ల మాత్రం కంప్రెస్డ్ తీయండి.

విల్లో దొరక్కపోతే చింతపుల్ల ఉందిగా. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గుడ్డ మీద మొదటి గీతలు కాల్చిన చింతపుల్లలతోనే గీస్తారు. ఇంట్లో చేసుకోవడం తేలికే. పెన్సిలు లావున్న ఎండు చింతపుల్లల బెరడు గీకేసి, మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో ఇరికించి నింపండి. మూతకి మేకుతో ఒక చిల్లు పెట్టండి. ఆరుబయట కట్టెల మంటలో పెడితే ఆ చిల్లులోంచి పొగ వస్తుంది. పొగ పూర్తిగా ఆగిపోయాక డబ్బా బయటికి తీసి, బాగా చల్లారేదాకా మూత తీయకండి. వేడి మీద తీస్తే గాలి తగిలి పుల్లలు రాజుకుని బూడిదైపోతాయి. తొందరపడి నేను ఒక డబ్బా మొత్తం అలాగే పోగొట్టుకున్నాను.

కాగితం మాత్రం రెండు రకాలు ఉండాలి. చిన్న పోజులకి న్యూస్‌ప్రింట్, పార్శిల్ చుట్టే బ్రౌన్ పేపరు, ఏదైనా సరే, లెక్కలేకుండా వాడండి. పెద్ద పోజుకి కాస్త గరుకున్న కార్ట్రిడ్జ్ షీటు, 150 జీఎస్ఎమ్‌కి (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) తగ్గకుండా తీసుకోండి. సైజు తగ్గించకండి. 22×30 అంగుళాల ఇంపీరియల్ షీటు నిలువుగా పెట్టుకుంటే భుజం నుంచి చెయ్యి ఆడుతుంది. ఏ4 మీద మణికట్టే ఆడుతుంది, అప్పుడు మళ్ళీ ఆ నాజూకు గీతే వస్తుంది.

మన ఊరి తేమ సంగతి మర్చిపోకండి. వానాకాలంలో కాగితం అప్పడం చల్లబడ్డట్టు మెత్తబడుతుంది. దాని మీద చార్‌కోల్ సరిగా పట్టదు, ఇరేజర్ రుద్దితే నూగు లేస్తుంది. షీట్లు ప్లాస్టిక్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. పుల్లలు కూడా చెమ్మగిల్లి కీచుమంటుంటే టేబుల్ లైటు కింద పావుగంట పెట్టండి.

గదీ వెలుతురూ

ఒకే వైపు నుంచి వెలుతురు రావాలి. రెండు వైపుల నుంచి వస్తే నీడలు ఒకదాన్నొకటి తినేస్తాయి, బరువు కనపడదు. ట్యూబ్‌లైటు తీసేయండి.

యూరప్ వాళ్ళు ఉత్తరం కిటికీ మంచిదంటారు, అటు ఎండ పడదని. విశాఖలో అది ఏడాదంతా నిజం కాదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, పొద్దునా సాయంత్రమూ ఉత్తరం కిటికీలోంచి ఏటవాలుగా ఎండ తొంగిచూస్తుంది. ఇక సముద్రం వైపు కిటికీ ఉన్నవాళ్ళకి పొద్దున్నే కళ్ళు చెదిరే ఎండ. అదే కిటికీ మధ్యాహ్నం రెండు దాటాక చాలా మంచి కిటికీ అవుతుంది. మా ఆదివారం పని రెండున్నరకి మొదలుపెట్టేది అందుకే.

కిటికీ అద్దానికి బటర్ పేపరు అంటించండి. వెలుతురు మెత్తబడుతుంది, ఎదురింటి డాబా మీద వడియాలు ఎండబెట్టుకునేవాళ్ళకి లోపల ఏం జరుగుతోందో కనపడదు. ఒక్క రూపాయి పనితో రెండు లాభాలు.

ఫ్యాను ఒక తలనొప్పి. వేస్తే చార్‌కోల్ పొడి గదంతా ఎగురుతుంది, వెయ్యకపోతే మోడల్‌కి ఉక్క. మోడల్ పక్కన చిన్న టేబుల్ ఫ్యాను పెట్టి, గాలి మా వైపు రాకుండా తిప్పుతాం. మాకు చెమట్లు పడితే పట్టనీ.

మోడల్‌తో మాట

ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్‌లో చదువుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళ ద్వారా అడగండి, మోడలింగ్ చేసిన అనుభవం ఉన్నవాళ్ళు దొరికితే అదృష్టం. తెలిసినవాళ్ళని మొహమాట పెట్టి మాత్రం ఒప్పించకండి. మొహమాటానికి ఒప్పుకున్న మనిషి ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది, అది మీ బొమ్మలోకి వచ్చేస్తుంది.

పద్దెనిమిదేళ్ళు నిండినట్టు కార్డు చూడండి. ఇందులో మినహాయింపులు లేవు. తర్వాత ఒక కాగితం తెలుగులోనే రాసుకోండి. ఎన్ని గంటలు, ఎంత డబ్బు, గదిలో ఎవరెవరుంటారు, ముఖం గుర్తుపట్టేలా గీయొచ్చా లేదా, బొమ్మ అమ్మొచ్చా, ఎగ్జిబిషన్‌లో పెట్టొచ్చా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా, అన్నీ విడివిడిగా రాయండి. ఒకదానికి ఒప్పుకుంటే అన్నింటికీ ఒప్పుకున్నట్టు కాదు. ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు లేచి వెళ్ళిపోవచ్చని, వెళ్ళిపోయినా ఆ పూట డబ్బు ఇస్తామని కూడా రాయండి. చదువు రానివాళ్ళైతే చదివి వినిపించండి. డబ్బు పని మొదలుకాకముందే చేతిలో పెట్టేయడం నా పద్ధతి. లెక్క తేలిపోతే గదిలో గాలి తేలికవుతుంది.

బట్టలు మార్చుకోవడానికి విడిగా గది, కనీసం గట్టి పరదా ఉండాలి. పోజుకీ పోజుకీ మధ్య వేసుకోవడానికి శుభ్రమైన నైటీ, తాగడానికి మంచినీళ్ళు, టీ. గదిలో ఇంకో ఆడమనిషి తప్పకుండా ఉండాలి. ఫోన్లన్నీ తలుపు దగ్గర బుట్టలో వేయాలి. ఒకసారి ఒకాయన టైము చూసుకోవడానికంటూ ఫోను జేబులోనే ఉంచుకున్నాడు. తీసి చూసింది టైమేనేమో, నాకు తెలీదు. మోడల్ మాత్రం ఆ క్షణం నుంచి మళ్ళీ కుదురుగా కూర్చోలేకపోయింది. ఆయన్ని మళ్ళీ రావద్దన్నాను. ఇప్పుడు గోడ గడియారం కొన్నాం. ఇలాంటి చోట ఒప్పుకోలు లేకుండా ఆడమనిషిని ఫొటో తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. ఒప్పుకుని తీయించుకున్న ఫొటోనైనా ఆమె వద్దన్నాక ఎవరికైనా పంపితే అదీ నేరమే.

మోడల్‌ని ముట్టుకోకూడదు. చెయ్యి ఇంకాస్త పైకి కావాలంటే మీ చెయ్యి పైకెత్తి చూపించండి. మా దగ్గరికి వచ్చే ఆవిడని అందరం అక్కా అనే పిలుస్తాం, మీరు అనే మాట్లాడతాం. ఆవిడ మమ్మల్ని నువ్వు అంటుంది. అదే బాగుంటుంది.

మొదటి అరగంట: చేతికి చెమట పట్టాలి

ఒక్కో నిమిషం పోజులు పది, తర్వాత అయిదు నిమిషాలవి నాలుగు. నిమిషం పోజుల్లో చార్‌కోల్ పుల్లని రెండంగుళాల ముక్కగా విరిచి, అడ్డంగా పడుకోబెట్టి వాడండి. గీతలొద్దు, మందపాటి పట్టీలు లాగండి. తల ఒక గుడ్డు, ఛాతీ గూడు ఒక గుడ్డు, కటి ఒక గిన్నె. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఎటు ఒరిగాయో చూడండి.

నిలబడ్డ పోజైతే ముందు మెడగుంటని పట్టుకోండి. దారానికి తాళంచెవి కట్టి కంటి ఎదుట వేలాడదీసి, దారం మెడగుంట మీదుగా పోయేట్టు చూడండి. బరువంతా ఒకే కాలి మీద ఉంటే ఆ దారం ఇంచుమించు ఆ కాలి లోపలి చీలమండ దగ్గరకి దిగుతుంది. మీ కాగితం మీద అలా దిగడం లేదంటే మనిషి పడిపోతోందన్నమాట. ఎంత అందంగా వచ్చినా చెరిపేయండి.

నడిమధ్య ఎక్కడో కూడా చూసుకోవాలి. నిలబడ్డ మనిషికి ఎత్తులో సగం బొడ్డు దగ్గర కాదు, ఇంకా కిందకి, కాళ్ళు చీలేచోట ఉంటుంది. కొత్తవాళ్ళ బొమ్మల్లో కాళ్ళెప్పుడూ పొట్టిగా ఉండేది దీనివల్లే. ఆడవాళ్ళకి తుంటి అన్నింటికన్నా వెడల్పుగా ఉండేది కూడా నడుం ఎముక దగ్గర కాదు, దానికి జానెడు కింద, తొడ ఎముక బయటికి పొడుచుకొచ్చే చోట.

పెద్ద పోజు

ఇరవై నిమిషాలు పోజు, అయిదు నిమిషాలు విశ్రాంతి. ఇలా మూడు నాలుగు విడతలు. లేచేముందు పాదాలు, పిరుదులు, చేతులు ఆనిన చోట్ల సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. ఒకసారి పావుగంటకే అక్క “కాలు తిమ్మిరెక్కిపోనాది, నా వల్ల కాదు” అంది. మా కుర్రాడొకడు “ఒక్క రెండు నిమిషాలు” అన్నాడు. అలా అనకండి. తిమ్మిరెక్కిన కాలు మీద బరువుండదు, మనిషి బరువుని వేరే చోటికి మార్చేసుకుంటుంది. మీరు గీసేది అప్పటికే అబద్ధం.

కూర్చున్న పోజుతో మొదలుపెట్టమంటాను. చెక్క స్టూలు మీద కూర్చున్న మనిషి తొడ చూడండి. పైన గుండ్రంగా ఉంటుంది, కింద స్టూలుకి ఆనిన చోట బల్లపరుపుగా అణిగి, అంచు దాటాక మళ్ళీ ఉబ్బుతుంది. ఆ అణిగిన చోట చర్మానికీ చెక్కకీ మధ్య ఒక చిక్కటి నల్లగీత ఉంటుంది, జానెడు పొడవుండదు. బొమ్మ మొత్తంలో అన్నింటికన్నా నల్లటి చోటు అదే కావాలి. కళ్ళూ కాదు, జుట్టూ కాదు. ఆ ఒక్క గీత సరిగా పడితే, పైనున్నదంతా సగం చెరిగిపోయినా మనిషి కూర్చునే ఉంటుంది. కంప్రెస్డ్ చార్‌కోల్ దాచమన్నది దీనికోసమే.

ఇక రొమ్ములు. తెగ ఇబ్బందిపడి రెండు చిప్పలు బోర్లించినట్టు గీసేస్తారు, లేదా అక్కడే గంట గడుపుతారు. రెండూ ఒకే జబ్బు. ముందు ఛాతీ గూడు గుండ్రని పీపా అని గుర్తుపెట్టుకోండి. రొమ్ములు ఆ గుండ్రం మీద ఉంటాయి కాబట్టి నేరుగా ముందుకి కాదు, కాస్త పక్కలకి చూస్తాయి. రెండూ ఒకేలా ఉండవు. చెయ్యి పైకెత్తితే ఆ వైపుది చంకలోకి సాగుతుంది. వెల్లకిలా పడుకుంటే చదునై పక్కలకి జారుతుంది. అక్కడ కూడా గీయాల్సింది బరువే. పై భాగంలో గీత అక్కర్లేదు, చిన్న టోను, అంటే లేత నీడ, చాలు. కింద మడత దగ్గర నీడ పెట్టండి. అయిదు నిమిషాల్లో ముగించి వేరే చోటికి వెళ్ళిపోండి.

పొట్ట దగ్గర ఆగండి, నాకు ఇష్టమైన చోటు అది. మన ఆడవాళ్ళ నడుం చుట్టూ లంగా నాడా కట్టిన గుర్తు ఉంటుంది. ఏళ్ళ తరబడి అదే చోట కట్టీ కట్టీ చర్మం నల్లబడి, సన్నని గాడి పడి ఉంటుంది. జాకెట్ చేతుల అంచు దగ్గర రంగు మారే గీత ఇంకోటి. మొదట్లో నేను ఇవన్నీ వదిలేసేదాన్ని, బొమ్మ శుభ్రంగా ఉండాలని. ఒకరోజు అక్క పక్కకి తిరిగి కూర్చుంది. నాడా గుర్తు పొట్ట మీదుగా వచ్చి, పక్క మడతలో మునిగి, మళ్ళీ పైకి తేలి, వెన్ను దగ్గర కొంచెం వాలుగా దిగి అటు వెళ్ళిపోయింది. నడుం గుండ్రాన్ని ఎలా చూపించాలా అని నేను గంట నుంచి షేడింగుతో కుస్తీ పడుతున్నాను. ఆ గుర్తుని ఉన్నదున్నట్టు ఒక్క గీతగా వేశాను. నడుం తిరిగింది. ఆపరేషన్ కుట్టు, కాన్పు చారలు, పొట్ట మడతలు కూడా అంతే. వేయాలా వద్దా అని ఆవిడని అడిగి, సరేనంటే వేయండి. కొండలూ లోయలూ నదులూ అంటూ ఆడవాళ్ళ ఒంటి మీద కవిత్వం చెప్పేవాళ్ళ బొమ్మల్లో ఈ గుర్తులు ఎప్పుడూ ఉండవు, గమనించారా?

పాదాలు వదలకండి. అక్క బట్టలు తీసింది గానీ మెట్టెలు తీయనంది. తీయమని ఎవరూ అడగలేదు కూడా. మెట్టె కింద వేలు కొంచెం ఉబ్బి, బొటనవేలు నేలని నొక్కుతుంటుంది. గంప మోసే ఆడవాళ్ళని నెల రోజులు గీసి ఉంటే ఈ పాదం మీకు కష్టం కాదు.

చామనఛాయకి టోను

చాలా వీడియోల్లో తెల్ల కాగితాన్ని అలాగే వదిలి నీడలు మాత్రం వేయమంటారు. అది తెల్ల చర్మానికి కుదిరే లెక్క. మన ఒంటికి అదే చేస్తే మసి పూసినట్టు ఉంటుంది, లేదా అందరూ పాలరాతి బొమ్మలవుతారు.

ఇలా చేయండి. షీటంతా విల్లోని అడ్డంగా రుద్ది, బనీను గుడ్డతో తుడిచి, ఒక మధ్యస్థపు బూడిద రంగుకి తీసుకురండి. అదే చర్మం. ఇక మీరు చేసేది రెండే పనులు. నీడ ఉన్నచోట చార్‌కోల్ వేయడం, వెలుగు ఉన్నచోట ఇరేజర్‌తో ఎత్తడం. నీడెడ్ ఇరేజర్‌ని పూరీ పిండిలా పిసికి మొన చేసి అద్దండి, రుద్దకండి. నల్లటి చర్మం మీద మెరుపు చిన్నదిగా, పదునుగా ఉంటుంది. భుజం మూపున, మోకాటి చిప్పమీద, మోకాలి కింద ముందు ఎముక వెంబడి. విశాఖ ఉక్కలో ఆ మెరుపు ఇంకా ఎక్కువే. ఆ మూడు చోట్లా తప్ప ఎక్కడా తెల్ల కాగితం దాకా వెళ్ళకండి.

వేళ్ళతో రుద్దడం మానేయండి. వేలి జిడ్డు అంటిన చోట మచ్చ పడి, ఆ తర్వాత ఇరేజర్‌కి లొంగదు. చెయ్యి కింద ఒక కాగితం ముక్క పెట్టుకోండి.

తప్పు గీతలు పూర్తిగా పోలేదని బెంగ వద్దు. ఫ్రెంచ్ చిత్రకారుడు మాతీస్ 1930లలో చేసిన చార్‌కోల్ బొమ్మల్లో చెరిపి మళ్ళీ గీసిన చెయ్యి, మళ్ళీ మార్చిన మోకాలు మసకగా కనిపిస్తూనే ఉంటాయి. ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా అయితే ముసలితనంలో ట్రేసింగ్ పేపరు మీద చార్‌కోల్‌తో అదే స్నానం చేసే మనిషిని ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్ళీ మళ్ళీ గీశాడు. మనిషి కదులుతుంది కదా, గీత కూడా కదలనివ్వండి.

ఫిక్సేటివ్, ఫ్రేము

ఫిక్సేటివ్ అంటే చార్‌కోల్ రాలకుండా పట్టి ఉంచే స్ప్రే. దాన్ని రెండడుగుల దూరం నుంచి, పల్చగా, రెండు మూడు సార్లు, ఆరనిచ్చి ఆరనిచ్చి కొట్టండి. దగ్గరగా కొడితే చుక్కలు కట్టి టోను కరిగిపోతుంది. వాన రోజున కొట్టకండి. డాబా మీదకి వెళ్ళి, గాలి మీ వెనక నుంచి వచ్చేట్టు నిలబడండి. హెయిర్ స్ప్రే చాలంటారు కొందరు, అది కొన్నాళ్ళకి కాగితాన్ని పసుపు చేస్తుంది. షీట్ల మధ్య బటర్ పేపరు వేసి దాచండి.

ఫ్రేముకి ఇచ్చేటప్పుడు అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ మందపాటి అట్ట, పెట్టమని చెప్పండి. చెప్పడమే కాదు, పక్కన నిలబడండి. ఒకసారి నేను ఏం కాదులే అనుకుని వదిలేసి వచ్చాను. సాయంత్రం వెళ్తే షాపు కుర్రాడు నవ్వుతూ, “మేడమ్, చాలా మసి ఉంది, గుడ్డతో తుడిచి నీట్‌గా పెట్టాను” అన్నాడు. పది గంటల పని. వాడి మీద కోపం తెచ్చుకోవాలన్నా రాలేదు, అంత శ్రద్ధగా తుడిచాడు.

ఎవరికి చూపించాలి

తెలుగువాళ్ళు న్యూడ్ స్టడీలు చేయడం ఈనాటిది కాదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకుని వచ్చి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయాడు. ఆ కొద్దికాలంలోనే న్యూడ్‌లు గీశాడు. రాజమండ్రిలో ఆయన పేరిట గ్యాలరీ ఉంది, విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు నాలుగు గంటల్లో దిగుతారు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పారిస్‌లో చదువుకునే రోజుల్లో చేసిన చార్‌కోల్ న్యూడ్‌లు పుస్తకాల్లోనైనా చూడండి. ఇరవై ఏళ్ళు నిండని అమ్మాయి, ఒళ్ళు ఎంత బరువుగా కూర్చోబెట్టిందో!

చట్టం భయం ఉన్నవాళ్ళకి ఒక మాట. 1954లో బొంబాయిలో చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ బొమ్మ మీద అశ్లీలం కేసు పెట్టారు, కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. అదే పదమ్‌సీ, ఇంకా సూజా అనే మరో చిత్రకారుడు గీసిన బొమ్మల్ని కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే, 2024 అక్టోబరులో బాంబే హైకోర్టు వదిలిపెట్టమంది. నగ్నంగా ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదన్నది కోర్టులు పదే పదే చెబుతున్న మాట. ఇప్పటి న్యాయ సంహిత 294వ సెక్షన్‌లోనూ కళకి మినహాయింపు ఉంది. చట్టం ఇంతే గానీ ఇంటి ఓనరు సంగతి వేరు. ఆయనకి ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే పెద్ద రచ్చ. మా ఓనరు పిన్నిగారు మొదట ముక్కు మీద వేలేసుకున్నారు. గదిలోకి పిలిచి ఒకపూట కూర్చోబెట్టాను. ఇప్పుడు నాలుగున్నరకి టీ ఆవిడే పంపుతారు.

అయితే బొమ్మ అందరికన్నా ముందు చూడాల్సింది మోడలే, అదీ స్ప్రే కొట్టకముందే. నచ్చని చోటు, గుర్తుపట్టేలా ఉన్న చోటు ఏదైనా ఉంటే అప్పుడైతే మార్చవచ్చు. బోర్డు గోడకి ఆనించి, పక్కకి తప్పుకుని, వివరణలేవీ ఇవ్వకుండా ఊరుకోండి.

పోయిన ఆదివారం అక్క నైటీ వేసుకుని, టీ గ్లాసు పట్టుకుని నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. పొట్ట చూసింది, మెట్టెలు చూసింది. నాడా గుర్తు దగ్గర కొంచెం నవ్వింది.

“నాను బాగానే కూసున్నాను గాని, స్టూలే పడిపోయేట్టున్నాదమ్మా” అంది.

నిజమే. నాలుగు కాళ్ళలో వెనక కుడి కాలు నేలకి ఆనలేదు, వేలెడు పైన ఆగిపోయింది. చార్‌కోల్ ముక్క వెతుక్కుని మళ్ళీ కూర్చున్నాను.